అయిదు వేళ్ల అచ్చు

తమిళనాట గుడియాత్తంలో ముప్ఫయి నాలుగేళ్లు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన గోవిందరాజులుకు కోపం రావడం అరుదు. దయ్యాన్ని చూశామని చెప్పుకొనేవాళ్లతో కూడా ఆయన మెత్తగానే మాట్లాడేవాడు. "నువ్వు చూసినావా, చూసినవాడు నీకు చెప్పినాడా?" అని అడిగి, వచ్చిన జవాబు విని నవ్వి ఊరుకొనేవాడు. అటువంటి మనిషి పంతొమ్మిది వందల తొంభై ఏడు జూలైలో, తమిళుల ఆని మాసం చివర ఒక మంగళవారం పొద్దున చేతిలోని కాఫీ గ్లాసును తాగకుండానే కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

ఎదురుగా అరుగు మెట్టుమీద మేస్త్రీ చిన్నప్పన్ కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లవాడు. సున్నానికి పగిలిన వేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ తెలుగక్షరం చదవలేడు. గోడ వంకర మాత్రం వీధి చివరినుంచే చదువుతాడు.

"నాట్రంపల్లి పని పోయింది సారూ" అన్నాడు.

"కల్యాణమండపం పనా? మాట ఇచ్చినారు గదప్పా."

"ఇచ్చినారు. నిన్న పునాదికి దారం కట్టేదానికి పోతే జానకిరామన్ గారు వాకిట్లోనే నిలబెట్టినారు. 'నువ్వు తచ్చు పెట్టే మేస్త్రీవంట గదా, నా మండపంలో పెండ్లిండ్లు జరగాల' అన్నారు. ఆడి నెల వస్తే పునాది తవ్వరు గదా. వచ్చే సోమారం ఇంగొక మేస్త్రీ చేత వేయిస్తారంట."

ఆ ప్రాంతంలో ఇల్లు కట్టినవాళ్లందరికీ తచ్చు సంగతి తెలుసు. మానును కోసి, రాయిని పగలగొట్టి, నేలను తవ్వి కట్టిన ఇంట్లో ఆ దెబ్బల దోషం మిగిలి ఉంటుందని నమ్మకం. గృహప్రవేశానికి ముందురోజు పనివాళ్లే దాన్ని తీసేయాలి. దానికి తచ్చుకళిప్పు అని పేరు. పెద్ద మేస్త్రీ పనిముట్లకు పూజ చేసి, కోడిని కోసి, గదిగదికీ తిరిగి దోషాన్ని బయటికి పంపుతాడు. యజమాని అతడికి పంచె పెడతాడు. మేస్త్రీ కోపంతో ఆ దోషాన్ని ఇంట్లోనే వదిలిపెట్టి పోతే దాన్ని తచ్చు పెట్టడం అంటారు. తచ్చు పెట్టినవాడని పేరు పడ్డ మేస్త్రీని మళ్లీ గుంజ పాతడానికి కూడా ఎవరూ పిలవరు.

"ఎవరింట్లో పెట్టినావంటారు?"

"సత్తువాచారిలో. సురేంద్రన్ గారింట్లో" అన్నాడు చిన్నప్పన్. తరువాత, నింద లేని గొంతుతో, "ఆ పొద్దు మీరు కూడా ఉన్నారు గద సారూ" అన్నాడు.

ఉన్నాడు. ఉండటమే కాదు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో జరిగిందది. సురేంద్రన్ ఆయన శిష్యుడు. చెప్పుల పైతోళ్లు కుట్టించి విదేశాలకు పంపి, అయిదారేళ్లలోనే వేలూరు సత్తువాచారిలో రెండంతస్తుల మేడ లేపినవాడు. గృహప్రవేశానికి ముందురోజు గోవిందరాజులు వెళ్లేసరికి చిన్నప్పన్ తాపీ, రసమట్టం, గోడ నిలువు చూసే తూకుగుండు కడిగి బొట్టుపెట్టి వరుసగా పేర్చుకొని ఉన్నాడు. పక్కన కాలికి తాడు కట్టిన నల్లకోడి. గోవిందరాజులు అరగంటసేపు మాట్లాడాడు. ఇటుకకు పగ ఉండదన్నాడు, కోడి నెత్తురుకు సిమెంటు సంగతి తెలియదన్నాడు. సురేంద్రన్‌కు మహా సంతోషమైంది. "విన్నావా మేస్త్రీ? సారే చెప్పినారు. ఇంగ ఇవన్నీ వద్దు, ఎత్తు" అన్నాడు. చిన్నప్పన్ కోడి కాలి తాడు విప్పి, దాన్ని చంకలో పెట్టుకొని, పనిముట్లు గోనెసంచిలో వేసుకొని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే గోవిందరాజులు మిత్రుల దగ్గర ఒక మూఢాచారాన్ని ఆపించానని చెప్పుకొని పొంగిపోయాడు కూడా.

ఇప్పుడు ఆ పొంగు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆచారం వద్దన్నది తాను, వద్దనుకొన్నది ఇంటివాడు. పనిపోయింది మూడోవాడికి.

"ఇంతకీ ఆ ఇంట్లో ఏం జరిగిందంట?"

"పైన ఎవురో నడస్తారంట. వస్తువులు జరుగుతాయంట. సాయంత్రమైతే పొయ్యి ఎలిగించకనే జీరకసంబా బియ్యం ఉడికే వాసన వస్తాదంట సారూ. దయ్యం వంట చేస్తా ఉండాదంటారు."

గోవిందరాజులు చొక్కా గుండీ పెట్టుకొంటున్నవాడల్లా ఆగాడు. "ఏం వాసన అన్నావు?"

"జీరకసంబా. బిరియానీ బియ్యం."

"సాయంత్రం మాత్రమేనా?"

"అట్లనే అంటారు."

ఆయన లోపలికి పోయి సంచీలో ఒక టేపూ, భూతద్దమూ, అర్ధశేరు ముగ్గుపిండీ వేసుకొని వేలూరు బస్సు ఎక్కాడు.

*

సురేంద్రన్ భార్య గోమతి ఆయనకు గుమ్మంలోనే ఏడుపు మొహంతో ఎదురొచ్చింది. "రాండి సార్. మీరైనా చూడండి. పైన చిన్నబిడ్డ మాదిరి నడస్తాది సార్, తబతబా అని. పోయిన వారం కారు మీద చెయ్యి అచ్చు పడింది. అయిదు వేళ్లు, ఇంత చిన్నవి. మా ఇంట్లో చిన్నబిడ్డలే లేరు గదా."

"వేరే ఎవరికైనా చూపించినారా అమ్మా?"

"పొన్నై నుంచి సోదెగాణ్ణి పిలిపించినాము. మేస్త్రీ తచ్చు పెట్టిపోయినాడని చెప్పినాడు."

"ఆయన పైకెక్కి చూసినాడా?"

"పైకెక్కేదెందుకు సార్? ఆయనకు కిందనుంచే తెలుస్తాది."

సురేంద్రన్ సోఫాలోంచి లేచి నవ్వబోయి ఆగిపోయాడు. హాలు కప్పు నిండా పువ్వులు చెక్కిన తెల్లటి ప్లాస్టర్ పలకలు. వాటి అంచుల్లో దాచిపెట్టిన దీపాలు. అసలు కప్పుకు మూర కిందుగా వేలాడదీసిన ఇటువంటి ఉత్తకప్పు గుడియాత్తంలో ఎవరింట్లోనూ లేదు. "బెంగళూరోళ్లు చేసినారు సార్" అన్నాడు గర్వంగా.

"ఆ రెంటికీ నడుమ ఏముండాది?"

"ఏముంటాది, ఖాళీ."

"ఖాళీ" అన్నాడు గోవిందరాజులు. "సరే. మిద్దెమీదికి పోదాం పా."

అరవై రెండేళ్ల వయసులో ఆయన మూడోమెట్టుకొకసారి ఆగుతూ పైకెక్కాడు. మిద్దెమీద నీళ్లట్యాంకు వెనక మూలలో ఆయనకు కావలసింది దొరికింది. ఎండిన పెంటకుప్ప. కింద కూర్చుని పుల్లతో విడదీశాడు. నేరేడు గింజలు, ఈతగింజలు; ఏ ఒక్కటీ నలగకుండా కడిగి ఆరబెట్టినట్టు ఉన్నాయి. పాత దినపత్రికలో వాటిని పొట్లం కట్టుకొంటుంటే సురేంద్రన్ ముక్కు మూసుకొని దూరంగా నిలబడ్డాడు.

"సార్, దాన్ని చేత్తో పట్టుకోవాల్నా?"

"దయ్యం నేరేడుపండ్లు తింటాదా సురేంద్రా?"

"తినదేమో."

"తిని, గింజలు మీ ట్యాంకు వెనక పెట్టిపోతాదా?"

గోవిందరాజులు కిటికీల మీది సన్‌షేడ్ల పైన, పిట్టగోడ మీద, నీళ్ల గొట్టం మొదట్లో ముగ్గుపిండిని పలచగా చల్లి, ఆ రాత్రికి అక్కడే భోజనం చేసి పడుకొన్నాడు.

తెల్లవారి చూస్తే పిండిలో అచ్చులు స్పష్టంగా పడి ఉన్నాయి. గొట్టం వెంబడి పైకెక్కి, సన్‌షేడ్ మీద నడిచి, మేడమీది వరండా నుంచి చెయ్యి అందేంత దగ్గర, హాలు గోడలో ఉత్తకప్పుకు పైన ఉన్న గుండ్రటి రంధ్రం దగ్గర ఆగాయి. గోవిందరాజులు గోమతిని పిలిచి భూతద్దం చేతికిచ్చాడు.

"లెక్కపెట్టమ్మా."

"అయిదు" అన్నది గోమతి. "కారుమీద ఉన్నిందీ ఇదే సార్."

"మీ పక్కింటి పిల్లి ఇదో ఇక్కడ నడిచింది. దీని వేళ్లు?"

"నాలుగు."

"వీధికుక్కకూ నాలుగే. బిడ్డ చెయ్యి అయితే బొటనవేలు పక్కకు తిరుగుతాది. పైగా ప్రతి వేలి కొసనా గోరు గుచ్చుకొన్న చుక్క ఉండాది, చూసినావా? ఇది మానుపిల్లి. పగలంతా మీ ఉత్తకప్పు పైన చీకట్లో పడుకొంటాది, పొద్దుగూకినాక పండ్లకు పోతాది. దాని వాసనే మీకు బియ్యం ఉడికినట్టు వచ్చేది. ఇల్లు కట్టకముందు ఇక్కడ ఏముండింది?"

"మామిడితోపు" అన్నాడు సురేంద్రన్. "నలభై చెట్లు కొట్టించినాము."

"దాని ఇల్లు నువ్వు కొట్టించినావు. అది నీ ఇంట్లోకి వచ్చింది. ఇంతే కథ."

గోమతి ముఖంలో అయిదు నెలల భయం ఒక్కసారిగా దిగిపోయింది. ఆమె తలుపు గడపమీదే కూలబడి కొంగుతో ముఖం తుడుచుకొంది. కానీ సురేంద్రన్ ముఖం మరోలా మారింది. తప్పు ఒకచోట దొరకకపోతే ఇంకోచోట దొరకాలనుకొనేవాడి చూపు అది.

"అయితే మేస్త్రీ బొక్క పెట్టి పోయినాడన్నమాట. చూడండి సార్, పని సరిగ్గా మూయకనే..."

గోవిందరాజులు రంధ్రం అంచుమీద వేలు పెట్టాడు. "ఇటుక పగిలి ఉండాది. పూతా, రంగూ కూడా తెగి ఉండాయి. అంటే పూత పూసి రంగు వేసినాక కోసినారు. ఎవరు?"

సురేంద్రన్ గొంతు సవరించుకొన్నాడు. "ఏసీ గొట్టానికి. బెంగళూరోళ్లు కోసినారు. తరువాత ఏసీ పడకగదిలో పెట్టుకొన్నాము."

"మేస్త్రీ యాడ పెట్టినాడు బొక్క?"

సురేంద్రన్ రంధ్రంలోకి తొంగిచూసి మెల్లగా, వ్యాపారం చేసేవాడి గొంతుతో అడిగాడు. "సార్, ఇది పునుగుపిల్లేనా? పునుగుకు మంచి గిరాకీ అంటారే. బోనులో పెడితే?"

అప్పుడు గోవిందరాజులుకు మిగిలిన ఓపిక కూడా పోయింది.

"పునుగుపిల్లి నేలమీద తిరిగే వేరే జంతువు. ఇది మానెక్కేది. మనవాళ్లు మానుపిల్లి అన్నారు, పిల్లి కాదిది. అరవంలో మరనాయ్, అంటే మానుకుక్క అన్నారు, కుక్కా కాదు. తెల్లదొర ఎవరో తాటిచెట్టు పైన కల్లుకుండలో మూతి పెట్టిందని కల్లుపిల్లి అని రాసిపెట్టినాడు. ఈ రాష్ట్రంలో కల్లు ఆపి పదేండ్లయింది, దానికి తాగుబోతు పేరు మాత్రం పోలేదు. ఇంగ్లీషువాళ్ల సివెట్ అనే మాట అరబ్బీ నుంచి వచ్చిందంటారు, జవ్వాది అనేదీ అక్కడిదే అంటారు. అదీ దాని ఒంటినుంచి మనిషి గీకి తీసుకొనే వాసన పేరే. మన జవ్వాదికొండలకు కూడా దాని వల్లే పేరొచ్చిందని కొందరంటారు, నాకు తెలియదు, రుజువు చూడలేదు. ఇన్ని దేశాలవాళ్లు ఇన్ని పేర్లు పెట్టినారు గదా, ఒక్కడైనా దాని కాలు చూసి వేళ్లు లెక్కపెట్టినాడా? ఎవడికి ఏం కావాల్నో, ఎవడికి ఏం భయమో, ఆ పేరు పెట్టినాడు. నువ్వూ అట్లనే ఒక మనిషికి పేరు పెట్టినావు. పైకెక్కి చూడనుకూడా లేదు."

సురేంద్రన్ తలవంచుకొన్నాడు. బడిలో కప్పను సరిగా కోయలేకపోయిననాడు కూడా ఇట్లాగే తలవంచుకొనేవాడు; తలవంచడం వాడికి క్షమాపణ కాదు, వాన వెలిసేదాకా చూరుకింద నిలబడటం.

"నాట్రంపల్లికి ఫోను చెయ్యి" అన్నాడు గోవిందరాజులు. "నా ముందరే."

సురేంద్రన్ చేశాడు. "అన్నా, సురేంద్రన్. అది మరనాయ్ అంట. మా సార్ వచ్చి చూసినారు. మేస్త్రీ తప్పేమీ లేదంట." అంతవరకూ బాగానే ఉంది. తరువాత ఒక్క క్షణం ఆగి, "అయినా మీ ఇష్టం అన్నా" అన్నాడు.

ఆ నాలుగు మాటలు విని గోవిందరాజులు చెవులు ఎర్రబడ్డాయి. శిష్యుడి చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"జానకిరామన్ గారూ, నేను గోవిందరాజులు, గుడియాత్తం. రుజువు నా చేతిలో ఉండాది. గింజలతో సహా తెస్తాను."

అవతలి గొంతు నిదానంగా పలికింది. "సార్, మీరు చదువుకున్నోళ్లు. అది మరనాయా, దయ్యమా అని నేను అడగలే. ఆ ఇంటికి కళిప్పు కాలేదు, అది మటుకు నిజమా కాదా?"

"నిజమే."

"కళిప్పు చెయ్యకనే లేచిపోయిన మేస్త్రీని నేనెట్ల పెట్టుకొనేది?"

"లేచిపోలేదు. చెయ్యడానికి అన్నీ పెట్టుకొని కూర్చున్నాడు. వద్దన్నది నేను."

"మీరా సార్? ఇది నాకు ఎవురూ చెప్పలేదే" అన్నాడు జానకిరామన్. "అయితే చేయాల్సిందీ మీరే సార్. ఆదివారం పెట్టించండి. నేను వచ్చి చూస్తాను. సోమారం పునాది."

*

బస్సులో కూర్చున్నంతసేపూ గోవిందరాజులు కోపంగానే ఉన్నాడు. సురేంద్రన్ మీద, సోదెగాడి మీద, ఇంత రుజువు చూపినా కళిప్పు దగ్గరికే వచ్చి నిలిచిన జానకిరామన్ మీద. పాలారు వంతెన దాటాక ఆ కోపం తిరిగి తనవైపే నడిచొచ్చింది. నలభై ఏళ్లు ఏ మాటకు వ్యతిరేకంగా మాట్లాడాడో ఆ పని ఇప్పుడు తానే దగ్గరుండి చేయించాలి. చేయించకపోతే ఒక పనివాడి బతుకు పోతుంది. రెండింటిలో ఏది తప్పో ఆయనకు తెలుసు.

చిన్నప్పన్ ఇంటి ముందు అతడి భార్య భారతమ్మ బియ్యం చెరుగుతూ ఉంది, అతడు పక్కనే గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. గోవిందరాజులు నిలబడే విషయమంతా చెప్పాడు. చివరికి, "కోడి కావాల్నా చిన్నప్పా? తప్పదంటే నేనేమీ అడ్డం చెప్పను" అన్నాడు.

భారతమ్మ చేట ఆపి నవ్వింది. "ఆ పొద్దు తెచ్చిన కోడిని నేను పెంచుకొంటా ఉండా సారూ. గుడ్లు పెడతా ఉండాది. దాన్ని ఇచ్చేది లేదు."

"కోడి కాదు సారూ నాకు" అన్నాడు చిన్నప్పన్. తల ఎత్తకుండా గోడ గీరుతూ చెప్పాడు. "ఇరవై ఎనిమిది ఇండ్లు కట్టినాను. గృహప్రవేశం అయినాక ఏ ఇంట్లోనూ మమ్మల్ని లోపలికి పిలవరు. మళ్లీ పని ఉంటే వెనకవాకిలి. ముందువాకిట్లో పోయి, గదిగదికీ తిరిగి, అందరూ వింటా ఉండంగా 'నా పనిలో ఏమైనా కొరత ఉండాదా' అని అడిగేది ఆ ఒక్క పొద్దే. 'లేదు' అని యజమాని నోటితో చెప్పి పంచె పెట్టాల. అప్పుడు ఆ ఇల్లు ఆయనది. నా పని ముగిసినట్టు. ఆ కోడీ నిమ్మకాయా ఉంటే ఉండనీ, లేకపోతే పోనీ."

"ఆ పొద్దు ఇది నాకెందుకు చెప్పలేదప్పా?"

"మీరు అడగలేదు గద సారూ. అరగంట మీరే మాట్లాడినారు."

గోవిందరాజులు ఆ పక్కనే ఉన్న ఇసుకకుప్ప మీద కూర్చున్నాడు. పైకెక్కి చూడకుండానే తీర్పు చెప్పినవాడి మీద పొద్దున తాను ఎంత మండిపడ్డాడో గుర్తొచ్చింది. నల్లకోడి వచ్చి ఆయన చెప్పు పొడిచింది. తరిమేందుకు చెయ్యి రాలేదు.

*

ఆదివారం పొద్దున తొమ్మిదికి చిన్నప్పన్ సురేంద్రన్ ఇంటి ముందువాకిట్లోంచి లోపలికి నడిచాడు. వెనక అతడి పనివాళ్లు ఏడుగురు, వాళ్ల వెనక జానకిరామన్, వీధిలోని పదిమందీ. గోమతి కర్పూరం వెలిగించింది. కోడి లేదు, బూడిదగుమ్మడికాయ ఒకటి ఉంది. గోవిందరాజులు కొత్త పంచె పెట్టిన పళ్లెం పట్టుకొని నిలబడ్డాడు. జీవితంలో ఆయన ఇటువంటి పళ్లెం పట్టుకోవడం అదే మొదలు.

చిన్నప్పన్ మంత్రమేమీ చదవలేదు. ప్రతి గదిలోనూ గోడపక్కన నిలబడి తూకుగుండు దారం వదిలాడు. గుండు ఊగి ఊగి ఆగేదాకా అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. దారానికీ గోడకూ నడుమ పైన ఎంత సందు ఉందో కిందా అంతే ఉంది. ఒక్కో గోడ దగ్గర జానకిరామన్ ముందుకు వంగి చూసి తల ఊపాడు. భూతద్దంతో వేళ్లు లెక్కపెట్టించడానికీ దీనికీ తేడా ఏమిటో గోవిందరాజులుకు వెంటనే తోచలేదు.

హాల్లోకి వచ్చేసరికి చిన్నప్పన్ రంధ్రం ఉన్న గోడ దగ్గర ఆగి ఉత్తకప్పు పైకి చెయ్యి చూపాడు. "ఆ బొక్క నా పని కాదు" అన్నాడు అందరికీ వినబడేలా. తరువాత సురేంద్రన్‌వైపు తిరిగి, "సామీ, నా పనిలో ఏమైనా కొరత ఉండాదా?" అని అడిగాడు.

సురేంద్రన్ ఉత్తకప్పువైపు చూశాడు, జానకిరామన్‌వైపు చూశాడు, చివరికి తన గురువు చేతిలోని పళ్లెంవైపు చూశాడు. క్షమించమనే మాట అతడి నోట అప్పుడూ రాలేదు, ఆ తరువాతా రాలేదు. "లేదు" అన్నాడు. అంత చిన్నమాటను అంత కష్టపడి పలికినవాణ్ణి గోవిందరాజులు ఎన్నడూ చూడలేదు. పంచె చేతులు మారింది. గుమ్మడికాయ వాకిట్లో పగిలింది.

"సరే మేస్త్రీ" అన్నాడు సురేంద్రన్ వెంటనే, పోయిన పెద్దరికాన్ని సర్దుకొంటూ. "వచ్చిందే వచ్చినావు, ఆ బొక్క పూసేసి పో."

"కోసినవాళ్లను పిలిపించండి సామీ" అన్నాడు చిన్నప్పన్. "పగలు లోపల అది పడుకోని ఉంటాది. మూస్తే చస్తాది. అప్పుడు నిజంగానే తచ్చు పెట్టినవాణ్ణి అవుతాను."

జానకిరామన్ పెద్దగా నవ్వాడు. "రేపు ఆరుకల్లా రావాలప్పా మరనాయ్ మేస్త్రీ" అని చిన్నప్పన్ భుజం తట్టాడు. పనివాళ్లూ నవ్వారు. వారం తిరిగేసరికి నాట్రంపల్లిలో పిల్లాజెల్లా చిన్నప్పన్‌ను ఆ పేరుతోనే పిలిచారు. అతడు పలికాడు కూడా. తచ్చు మేస్త్రీ కంటే నయమన్నాడు.

గోవిందరాజులుకు మాత్రం అది నయంగా తోచలేదు. ఇరవై ఎనిమిది ఇళ్ల గోడలు నిలువుగా నిలబెట్టినవాడికి ఒక్క గోడమీది పేరైనా రాలేదు. ఎవడో కోసిన రంధ్రంలో పడుకొన్న జంతువు పేరు వచ్చింది, అదీ ఆ జంతువుది కాని పేరు. ఈ మాట ఆయన చాలామందితో చాలాసార్లు అన్నాడు. అందరూ నవ్వారు.

బెంగళూరువాళ్లు రాలేదు. పొద్దుగూకే వేళకు సత్తువాచారి మేడలో జీరకసంబా వాసన వస్తూనే ఉంది. గోమతి ఇప్పుడు మిద్దెమీద అరటిపండు తొక్క తీయకుండానే పెట్టి వస్తుందట.

మళ్లీ వచ్చిన తై నెలలో మండపం పూర్తయింది. చిన్నప్పన్ గుడియాత్తం వచ్చి అదే మెట్టుమీద కూర్చున్నాడు.

"రేపు కళిప్పు సారూ. కోడి ఉంటాది. అది లేకపోతే జానకిరామన్ గారు ఒప్పుకోరు. మీరు వచ్చి వద్దనేదైతే రావద్దు."

గోవిందరాజులు కాఫీ గ్లాసు ఈసారి ఖాళీ చేసి కింద పెట్టాడు.

"కోడిని కోసేది నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ మాట అక్కడా చెప్తాను" అన్నాడు. "పని ముగిసినాక చెప్తాను. పళ్లెం ఎవరు పట్టుకొంటారు?"